ఇసుక కుర్చీలు

ఇక్కడి కుర్చీల కడుపులో ఇసుక ఉంటుంది,
ఎవరూ ఎత్తి విసరకుండా.
అందుకే పిల్లలు కూర్చునే గుండ్రం ఎప్పుడూ గుండ్రంగా కుదరదు.
ఊడ్చేవాడు నిన్న ఎలా వదిలేస్తే అలా,
సొట్టపోయిన సత్తుగిన్నె అంచులా.

ఫ్రెస్నోలో డిసెంబరు.
ద్రాక్షతోటల మీంచి లేచిన పొగమంచు
ముళ్ళకంచె దాకా వచ్చి, ఆగకుండా
లోపలికే వచ్చేసింది.
దానికొక్కదానికే తనిఖీ లేదు.

తలుపు దగ్గర నిలబడటం నా ఉద్యోగం.
నడుముకి తాళాలు, చేతిలో డబ్బా,
డబ్బాలో ఎనిమిది పెన్సిళ్ళు,
చిటికెనవేలంత, రబ్బరు లేనివి.
ఎనిమిది ఇస్తాను, ఎనిమిది తీసుకుంటాను.
మధ్యలో గంటసేపు నేను గోడనని
పదకొండేళ్ళ కిందటే సంతకం పెట్టాను.
గోడకి చెవులుంటాయన్న సంగతి
ఆ కాగితంలో లేదు.

లొరేన్ పటం తగిలించింది.
ఇరవై పసుపుపచ్చ ముఖాలు, కింద పేర్లు.
"ఈ రోజు నువ్వు వీటిలో ఎవరు?"
ఇసయాస్ పటం చూడకుండానే "అలసట" అన్నాడు.
ప్రతి మంగళవారం అదే మాట.
మార్క్వెల్ నవ్వుముఖం చూపించి
మేజోడు పైకి లాక్కున్నాడు.
రాత్రి వాడు తలుపుని ఎన్నిసార్లు తన్నాడో
నా పుస్తకంలో ఉంది: నలభై ఒకటి.

తౌ వాంగ్ వచ్చి ఆరు వారాలు.
ఇంతవరకు వాడి గొంతు నేను
హాజరు పిలిచేటప్పుడే విన్నాను.

ఈ రోజు లేచాడు. పటం దగ్గరికి నడిచాడు.
కోపం మీద వేలు పెట్టి, తీసేశాడు.
దిగులు మీద పెట్టి, తీసేశాడు.
"ఇది కాదు," అన్నాడు. "ఇదీ కాదు.
శనివారం అమ్మ రాలేదు.
పొగమంచని బస్సు ఆపేశారట.
పొగమంచుని కొట్టలేం కదా."
ఎవరో నవ్వారు. వాడు నవ్వలేదు.
"కొట్టాలనుంటుంది. ఏడుపు ముందొచ్చేస్తుంది.
ఏడ్చినందుకు మళ్ళీ కొట్టాలనుంటుంది.
దీనికి ముఖం లేదా?"

లొరేన్ పటాన్ని పైనుంచి కిందికి చూసింది,
కిందినుంచి పైకి చూసింది.
లేదని ఒప్పుకుంది.
అది నాకు నచ్చింది.

ఉక్రోషం.
నా పళ్ళ వెనక,
తాళంచెవిలా చల్లగా.
చెయ్యెత్తలేనివాడి కోపం,
కళ్ళలోంచి కారిపోయే కోపం.
చిన్నప్పుడు మా మేనత్త నన్ను ఉడికించి
"అదిగో ఉక్రోషం, అదిగదిగో" అంటుంటే
ఇంకా పొంగుకొచ్చేది.
పేరు పెట్టి పిలిస్తే తగ్గదు, నాకు తెలుసు.
అయినా, ముందు ఎవరో, ఎంతమందో
పెదవి కొరుక్కుని నిలబడితేనే కదా
ఒక మాట పుట్టేది.
ఆ సంగతి వాడికి తెలిస్తే బాగుండును.

గోడని. మాట్లాడలేదు.

అప్పుడు కీచుమంది నేల.
నా చెయ్యి రేడియో మీదికి పోయింది.
ఇసయాస్, రెండు చేతులా తన కుర్చీ పట్టుకుని
వెనక్కి వంగి లాగుతున్నాడు.
ఒక జానెడు. తౌ కుర్చీ వైపు.
లాగి, కూలబడి,
"అలసట" అన్నాడు మళ్ళీ,
ఈసారి నిజంగా రొప్పుతూ.

తౌ పటం కింద ఖాళీలో
చిటికెనవేలంత పెన్సిలుతో ఒక సున్నా చుట్టాడు.
కళ్ళు పెట్టాడు. నోరు పెట్టలేదు.

గంట కొట్టారు.
డబ్బాలో ఏడు. నేను ఎనిమిదో దానికోసం చెయ్యి చాపాను.
వాడు పెన్సిలు వదలకుండా, నా వైపు చూసి,
"దీనికి పేరు రాయలేదు," అన్నాడు.

"ఉ..." అన్నాను. అంతవరకే వచ్చింది.
కథ వింటూ ఊ కొట్టాననుకున్నాడేమో,
తల ఊపి, పెన్సిలు నా అరచేతిలో పెట్టాడు.
తడిగా ఉంది.

ఎనిమిది.

రాత్రి పుస్తకంలో "విశేషాలు లేవు" అని రాశాను.
నేల మీద గీత పడిన చోటు
ఊడ్చేవాడికి చూపించి చెప్పాను:
ఈ కుర్చీ చుట్టూ తుడువు.
జరపకు.