రెండో గొంతు

ముప్పై ఒక్క ఏండ్లు
కాజీపేట నుంచి బల్లార్షా దాక బొగ్గు బండ్లు నడిపిన.
ఇంజన్ల ఇద్దరం ఉంటం.
ఒగడు సిగ్నల్ జూసి రంగు జెప్తడు,
ఇంకొగడు ఆ రంగునే మల్ల అంటడు.
"ఎల్లో" అంటే "ఎల్లో".
రెండో గొంతు రాకపోతే
మొదటి మాట అన్నట్టు కాదు.

వజ్రకు నీటికాసులని
హన్మకొండ డాక్టరు జెప్పేటప్పుడు
నేను పార్కింగు చీటి దేవులాడుకుంటున్న.
"ముందుగాల పక్కలు వోతయి, నడిమిది ఆఖర్ల."
ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కంగ
ఆమెనే నాకు జెప్పింది.
నేను మల్ల అనలే.
బండి నడుపుకుంట ఊకున్న.

ఇగ ఇంట్ల షురువైంది నా నౌకరి.
"తాప." "పైలం, ఎడమకు స్టూలు." "గడప."
నెల దినాలు ఒర్లిన.
ఒగనాడు బీరకాయల గిన్నె కింద వెట్టి
"నేనేమన్న గూడ్సు బండినా?" అన్నది.
"ఈ ఇల్లు ఊడ్సింది ఎవలు ఇన్నేండ్లు?
గడప ఏడుందో గడపకు ఎర్కలేకున్నా నాకెర్క.
నువ్వు తెచ్చివెట్టిన స్టూలే నాకెర్కలేదు."

స్టూలు దీసిన.
చెప్పులు, చార్జరు వైరు, సగం తాగిన చాయ్ గ్లాసు,
యాడవడితె ఆడ నేను ఇడిసినయన్ని
ఆమె కాళ్లకు తాకినంక నాకు కనవడ్డయి.
కారం డబ్బకు ఒక రబ్బరు బ్యాండు,
పసుపుకు రెండు, ఉప్పు మాత్రం జాగను బట్టి.
ఆ జాగల ఒగ పొద్దు చక్కెర వెట్టిన.
పప్పు తియ్యగైంది.
ఇద్దరం తిన్నం, ఎవలం అనలే.
పండుకున్నంక ఆమెకు నవ్వు మొదలైంది.
నాకు ఏడుపొచ్చింది గని
నేను గూడ నవ్విన.

బట్టల దుక్నంల చీర ముట్టి
"ఏం రంగు?" అని అడిగింది.
"పచ్చ."
"ఏం పచ్చ? చిలుక పచ్చనా, చింతాకు పచ్చనా?"
నా బతుకుల ఉన్నయే మూడు రంగులు.
"బండి పోవచ్చు అనే పచ్చ" అన్న.
కొన్నది.

రాత్రి తొమ్మిదింటికి చుక్కల మందు.
నా ఒళ్లె తల వెట్టి మీదికి జూస్తది.
నా చెయ్యి కుదురుగుండదు,
ఒగ చుక్క చెంప మీద, ఒగటి ముక్కు మీద,
మూడోది కంట్లె.
"పడ్డదా?"
"పడ్డది."
పెండ్లినాడు గిట్లనే.
మడికొండల మిట్ట మధ్యాన్నం
అయ్యగారు సూపెట్టమంటే
ఎండలకు వేలెత్తి అరుంధతి చుక్కను సూపెట్టిన.
"కనవడ్డదా?" అన్న.
"కనవడ్డది" అన్నది.
మేం మాట్లాడుకున్న మొదటి మాట అది,
ఇద్దరిదీ అబద్ధమే.

నిన్న నడిజాముకు
సోమిడి దిక్కు బండి పోతున్నది.
"లోడు" అన్నది సీకట్ల.
ఇన్న. కిటికీ అద్దం సన్నగ వణుకుతున్నది.
"లోడు" అన్న.
ఆఖరి డబ్బా దాటిపోయినంక,
కప్పల సప్పుడు మల్ల ఇనవడ్డంక,
"ఎడమది మొత్తం పోయింది.
నాల్గు దినాలైతున్నది" అన్నది.

నోరు ఎండింది.
ఎంతసేపో ఎర్కలేదు.
"ఎడమది పోయింది" అన్న.

"ఆఁ" అని
ఇటు తిరిగి పండుకున్నది.