కారణం అన్న గడి

నాను లావేటి దాలినాయుడిని.
గూనపాలెం నుంచి ఏడురోడ్ల కూడలి దాకా
ఏ స్తంభానికి ఎన్ని సుట్లు వైరుందో,
ఏ మేడ మీద ఏ కుక్క కరుస్తాదో
నన్నడగండి.
పదారేల్లయి ఈ ఊరి గొంతుకి
నరాలు కడుతున్నాను.

నెలకో గురువారం మునిసిపాలిటీ మీటింగు
ఇరవయ్యేడో నంబర్లో వచ్చీది.
బంగారం కొట్టు అడ్వర్టైజుమెంటుకీ
పాత పాటలకీ మజ్జిన
ఊరు తన మొకం తాను సూసుకునీ గంట.
ఎవడు సూస్తాడులే అనుకునీవోన్ని.
సూసీవోరు.
టీ కొట్టు కాడ ఆటోవోలు,
కుట్టు మిషను ఆపి సూరీడమ్మ,
మంచం దిగలేని లెక్కల మేస్టారయితే
పద్దు తప్పు సదివితే టీవీనే తిట్టీవోరు.

ఆ గురువారం ముద్దాడ గవరమ్మ లేచినాది.
సేపల గంప గుమ్మం బయటెట్టి
సేతులు కడుక్కోని వచ్చినాది.
మైకు ఇవ్వలేదెవరూ.
పట్టుకున్నోడి సేతిలోంచే తీసుకున్నాది.

"అయ్యా, మా ఈది తవ్వి నెట్టు వైరు పాతినారు.
మా కొలాయి గొట్టం ఇరగ్గొట్టి, మట్టి కప్పీసి ఎల్లిపోనారు.
నాలుగు నెల్లయి బురద నీలు తాగుతున్నాం.
తవ్వినందుకు కంపినీ కట్టిన సొమ్ము
ఏ పద్దులో పడినాది?
తవ్వుకోండన్న కాయితం మీద
సంతకం ఎవలిది?"

నా జేబులో ఫోను.
ఓనరు ఒక్క మాటే అన్నాడు:
"పీకు."

పీకినాను.
దానికి బలం అక్కర్లేదు,
వడ్లగింజంత పిన్ను.
ఊరిలో టీవీలన్నీ నీలంగా అయిపోనాయి.
కంప్లైంటు రిజిస్టర్లో
కారణం అన్న గడిలో
'గాలి' అని రాసినాను.

ఆ పొద్దు నాగావళి ఒడ్డున
రెల్లుపువ్వయినా తల తిప్పలేదు.

మర్నాడు ఆఫీసుకొచ్చినాది.
తిడతాదనుకున్నాను, తిడితే బాగున్ను.
కొంగుముడి ఇప్పి బల్ల మీద రసీదులు పరిసినాది.
అన్నీ నా రాతే.
"ఏ నెల ఎగ్గొట్టినాను, సెప్పు.
సీరియల్లో కోడలు ఏడిస్తే
ఒక్క కన్నీటిబొట్టు తెగిపోదు.
నానడిగీసరికి గాలొచ్చినాదా?
ఆ గాలి పేరేటి నాయినా?
ఇంటిపేరుతో సెప్పు."

ఓనరు లోపల్నుంచే అన్నాడు:
ఆ వీడియో సెరిగిపోయింది,
ఫిర్యాదుంటే యాప్‌లో పెట్టమను.

యాప్‌కి నెట్టు కావాల.
నెట్టు గవరమ్మ కాలికింద మూరెడు లోతున ఉన్నాది.
రేయీ పగలూ ఎలుతురు పరిగెడతాది అక్కడ,
మేడలకీ, కాలేజీలకీ, పెద్దాసుపత్రికీ.
ఆల్ల ఈదిలో దిగదు.
ఆగని రైలుకి పట్టాలేయడానికి
ఆల్ల గుమ్మాలు తవ్వినామన్నమాట.

ఆ ఎలుతురు నానే అతికినాను,
ముక్కకీ ముక్కకీ,
ఎంట్రుకంత గాజుపోగు.
దుమ్ము రేణువు పడినా పనికిరాదని
ఊపిరి బిగబట్టి అతికినాను.
పీకినప్పుడూ ఊపిరి బిగబట్టీ ఉన్నాను.

రిజిస్టరు తీసినాను.
గాలిని కొట్టీసినాను.
దాని మీద 'లావేటి దాలినాయుడు' అని రాసి
పక్కన ఇంకొక పేరు పట్టీంత ఖాళీ వొదిలినాను.
అది రాయడానికి
సెయ్యి రాలేదు. ఇంకా రాలేదు.

"ఏటి రాసినావు?" అన్నాది.
సదివినాను.
ఇన్నాది. ఖాళీ మీద ఏలెట్టి
"ఇక్కడేటీ లేదేటి?" అన్నాది.
నాను మాటాడలేదు.

"సరే. ఉన్నంతవరకు
ఇరవయ్యేడో నంబర్లో సదువు" అనీసి
రసీదులు లెక్కెట్టుకున్నాది.
ఒకటి తగ్గిందేటో అని
నా మొకం సూసి
మల్లీ లెక్కెట్టుకోని
ముడేసుకున్నాది.