మిట్టమధ్యాహ్నం వెల

పదకొండూ నలభైకి ఫోను మోగుతుంది.
సాంతియాగో నుంచి ఇగ్నాసియా.
మనిషిని ఎన్నడూ చూడలేదు గాని
ఆ గొంతు నాకు మా పెద్దక్క గొంతుకన్నా బాగా తెలుసు.
"యస్నా, డెబ్భైకి దించు."
నూట ఎనభై మెగావాట్ల నుంచి డెబ్భైకి.
కారణం నేనడగను, తను చెప్పదు.
దక్షిణానికి పోయే తీగల్లో చోటు లేదు, అంతే.
అంత సన్నటి గొంతులోంచి
అటకామా ఎడారి మొత్తం ఒకేసారి దూరాలని చూస్తుంది.

అంకె కొడతాను. మీట నొక్కుతాను.
బయట ఏమీ జరగదు.
సూర్యుడు వీసమెత్తు తగ్గడు.
మూడు లక్షల పలకలు అలాగే ముఖాలెత్తి నిలబడతాయి.
కాకపోతే కొంచెం ఎక్కువ కాలతాయి,
నోటిదాకా వచ్చి ఆగిన మాట
ఒళ్ళంతా సెగ పెట్టినట్టు.

తెర మీద ధర: సున్నా.
నిన్నా సున్నా.
మొన్న కూడా, సాయంత్రం ఐదింటిదాకా.
అంగట్లో అన్నీ ఉన్నాయి,
శని ఎవరి నోట్లో ఉందో మాత్రం
ఇక్కడ ఎవరూ తేల్చి చెప్పరు.

ఫెర్మిన్ కోల్కే బ్రష్షు బండి దిగి
మంచినీళ్ళకి వస్తాడు. కనురెప్పల మీద కూడా దుమ్మే.
"ఇవాళెంత?"
"సున్నా."
"అయితే పొద్దుట్నుంచి నేను తుడిచింది సున్నానా?"
పగలబడి నవ్వుతాడు.
నాకు నవ్వు రాదు. నా జీతమూ అందులోంచే రావాలి.

చెప్పి చూశాను ఒకసారి, కలామా సంత లెక్కన:
ఒకడు క్యారెట్లు ఊరికే ఇస్తానంటాడు,
ఒకడు పదికి, ఇంకొకడు వందకి.
ఊరికి సరిపడేదాకా వరసగా తీసుకుంటారు.
ఆఖరున ఎవడి బుట్ట దించారో
వాడి ధరే అందరి ధర.
"ఊరికే ఇస్తానన్నవాడికీ అదేనా?"
"వాడికీ అదే."
"భలే బేరమే!"
"భలే బేరమే, వాడొక్కడే ఉన్నప్పుడు.
ఇప్పుడు పగటి సంత నిండా ఊరికే ఇచ్చేవాళ్ళే."
ఫెర్మిన్ గ్లాసులోకి చూశాడు.
"కియాగ్వాలో మా అమ్మ
బిల్లు చూసి రెండో బల్బు పీకేసింది."
ఇరవై ఏళ్ళ ఒప్పందాలు, లైన్ల అద్దె, పాత బాకీలు,
జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి.
అతను నీళ్ళు తాగాడు.
నేను నీళ్ళు నమిలాను.

పొద్దు కోస్తా కొండల వెనక్కి జారగానే
ధరకి ప్రాణం లేస్తుంది. ఇరవై, యాభై, నూట పది.
ఎక్కడో ఒక డీజిలు ఇంజను దగ్గుతూ నిద్ర లేస్తుంది.
అప్పుడు అమ్మడానికి మా దగ్గర
చీకటి తప్ప ఏమీ ఉండదు.

ఆగస్టులో పెట్టెలు దిగాయి.
తెల్లగా, లారీ అంత పొడుగు, నలభై.
కిటికీల్లేవు, లోపల ఫ్యాన్ల రొద.
బీరు చల్లబెట్టడానికేమో అనుకున్నాడు ఫెర్మిన్,
వారం రోజులు ఆశగా వాటి చుట్టూ తిరిగాడు.

ఇవాళ కూడా పదకొండూ నలభైకి ఫోను.
డెబ్భైకి దించాను.
పోనివ్వని దాంట్లో కొంత
మొదటిసారి పెట్టెల్లోకి మళ్ళించాను,
మిగిలిన అన్నం మూత పెట్టినట్టు.

రాత్రి ఎనిమిదికి ధర నూట నాలుగు.
"యస్నా, ఎంత ఇవ్వగలవు?"
నాలుగేళ్ళలో ఆ గొంతు
నన్ను అడగడం ఇదే మొదలు.
"పన్నెండు. ఇంకా పరీక్షలోనే ఉన్నాయి."
"ఇవ్వు."

ఇంటికెళ్ళే బస్సు హారన్ కొడుతోంది.
ఫెర్మిన్ ఎక్కలేదు, నా కుర్చీ వెనకే నిలబడ్డాడు.
"అది నేను తుడిచిన గాజుదేనా?"
"చెప్పలేం. తీగెక్కాక ఎవరిది ఏదో తెలీదు."
"కియాగ్వా దాకా పోతుందా?"
మళ్ళీ హారన్.
చెయ్యి చొక్కాకి రుద్దుకుని
తెర మీద, ఆ పన్నెండు మీద పేరుకున్న దుమ్ముని
అలవాటుగా ఒక్కసారి తుడిచి వెళ్ళాడు.
అంకె ఇంకాస్త మసకబారింది.