తాడు లాగి చూశాం

ఎగ్మూరులో లోకల్ ఎక్కి
సింగపెరుమాళ్ కోయిల్‌లో దిగాం, నేనూ సుగుణమణీ.
సంచిలో పెరుగన్నం, టెలిఫోన్ల శాఖ వాళ్ళిచ్చిన పాత డైరీ,
ఆమె మోకాలికి కొత్త బెల్టు.
కారు పంపిస్తామన్నారు.
కారెక్కితే మొహమాటం కూడా ఎక్కుతుంది, వద్దంది.

నమూనా ఇంట్లో అన్నీ ఉన్నాయి.
జారని టైల్సు, గోడకి కడ్డీలు,
చక్రాల కుర్చీ తిరిగేంత వెడల్పు తలుపులు,
ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ యాపిల్ పళ్ళు.
"అరవై రెండు లక్షలు మేడమ్" అన్నాడు ఎళిలరసన్.
మా సర్వీసంత వయసు లేదు వాడికి.
ఆమె ఫ్లాటు అమ్మితే నలభై ఎనిమిది,
నా పీఎఫ్‌లో మిగిలింది పదకొండు,
ఆ మూడూ ఎక్కడో పుడుతుంది.
"అది తలుపు ధర. తలుపు వెనక ధర చెప్పు నాయనా"
అని పెన్సిల్ తీశాను.

చెప్పాడు, పన్ను పీకించుకుంటున్నట్టు.
చదరపు అడుగుకి నెలనెలా ఇంత, ఏటా పదో వంతు పెంపు.
వంటశాల రుసుము, తిన్నా తినకపోయినా.
నర్సు గంటల లెక్క, అంబులెన్సు కిలోమీటర్ల లెక్క.
చుట్టాలకి ఐదు రాత్రులు ఉచితం, ఆరో రాత్రి నుంచి అద్దె.
అమ్మాలంటే వాళ్ళ ద్వారానే, నూటికి ఎనిమిది వాళ్ళకి,
కొనేవాళ్ళకి అరవై నిండాలి.
"అంటే, కొనేవాళ్ళకీ తొందరుంటుంది, అమ్మేవాళ్ళకీ తొందరుంటుంది"
అంది సుగుణమణి. వాడికి నవ్వాలో లేదో తెలియలేదు.

డైరీలో కూడికలు వేశాను.
డెబ్బై తొమ్మిది దాకా పింఛనూ ఖర్చూ భుజాలు రాసుకుంటూ నడుస్తాయి.
ఎనభై మూడు దాటితే
బతకడమే దుబారా.

స్నానాలగదిలో ఎర్ర తాడు.
"పడిపోతే లాగండి, వెంటనే మనిషి వస్తాడు."
వెంటనే అన్న మాట మా దగ్గర అనకూడదు.
ముప్పై ఒక్క ఏళ్ళు మౌంట్ రోడ్డు ఎక్స్ఛేంజీలో,
ట్రంకు బోర్డు మీద దీపం వెలిగాక
పది సెకన్లలో ప్లగ్గు పెట్టకపోతే
వెనక నుంచి సూపర్‌వైజరు దగ్గు.

వాడు వారించేలోపు సుగుణమణి లాగేసింది.
నేను గడియారం చూశాను.
మొదటి నిమిషం వాడు నవ్వాడు.
మూడో నిమిషం ఫోను తీశాడు.
ఏడు నిమిషాల ఇరవై సెకన్లకి
గిన్నెలు తోముతున్న అమ్మాయి పరిగెత్తుకొచ్చింది,
మోచేతుల దాకా సబ్బు నురగ.
"ఆదివారం కదా మేడమ్" అన్నాడు వాడు.
పడేవాళ్ళు వారం చూసుకుని పడతారా?
ఆ పిల్ల జీతమెంతో మాత్రం
ఏ కాగితంలోనూ కనపడలేదు.

దరఖాస్తులో ఒక గడి: రెండో నివాసి, బంధం.
భార్యాభర్తలు కావాలి, లేదా రక్తసంబంధం.
"స్నేహితులైతే రెండిళ్ళు కొనాలి మేడమ్."
రాత్రి డ్యూటీల్లో ఒకే టిఫిను మూతలో తిన్నవాళ్ళం,
ఆమె భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా
అయనావరంలో ఒకే కరెంటు బిల్లు కడుతున్నవాళ్ళం.
ఆ గడి చాలా చిన్నది.
పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి వదిలేశాను.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగాను,
డిసెంబరు వానకి నీళ్ళెంత వచ్చాయని.
అటూ ఇటూ చూసి
నడుముకున్న బెల్టు ముట్టుకున్నాడు.

రైల్లో పెరుగన్నం తింటూ సుగుణమణి అంది:
"మన లెక్కలో కూడా ఒక తప్పుంది.
ఇద్దరిలో ఒకరు ముందు పోతారుగా.
అప్పుడు రెండోవాళ్ళ తాడు ఎవరి చేతికి?"
తాంబరం దాటేదాకా
నేను పెన్సిల్ ములికి చెక్కుతూనే ఉన్నాను.

ఆ రాత్రి గోడ అవతల నుంచి టకటకా తట్టింది.
లేచి పరిగెత్తాను, చెప్పులు లేకుండా, చీకట్లో.
మంచం మీద కూర్చుని గడియారం చూస్తోంది.
"ఊరికే, ట్రయల్" అంది. "పద్నాలుగు సెకన్లు."

దారిలో స్టూలు అడ్డం వచ్చింది.
పొద్దున్నే దాన్ని జరపాలి.