ఎనిమిది గంటల దీపం

బిట్రగుంటలో పాత లోకోషెడ్డు వెనకాల
రేకుల కొట్టం. ఆరు పందులు. ఒక కంప్యూటరు.
నేను ఫోటోలు లెక్కపెట్టే మనిషిని.

మాత్ర, రెండు చింతగింజలు అతికించినంత.
ఒక కొసన కన్ను, కంటి చుట్టూ నాలుగు మిణుగురులు.
సెకనుకు రెండు ఫోటోలు, ఎనిమిది గంటలు,
ఆ తర్వాత గుడ్డిది.

నాంచారమ్మ దాన్ని బెల్లంముద్దలో దాచి
"తినవే చుక్కలదానా" అని నోటికి అందించింది.
రికార్డులో దాని పేరు మూడో నంబరు.
రెండు రోజులు పిలిచాను, మూడో నంబరు రాలేదు.
చుక్కలదానా అంటే వచ్చింది.

మొదటిసారి ఏమీ కనపడలేదు.
పంది కడుపు తొందరపడదు.
ఔటర్లో ఆపేసిన గూడ్సుబండి లాగా
మాత్ర గేటు దగ్గరే పొద్దంతా నిలబడింది.
యాభైవేల పైచిలుకు ఫోటోలు, అన్నిట్లో ఒకే ఎర్ర గోడ,
కరగని బెల్లం, ఉపాసం పెట్టినా పోని మొన్నటి తవుడు.
నాంచారమ్మ నవ్వింది:
"దాని కడుపు దానిష్టం కదబ్బయా."

రెండోసారి డాక్టర్ హైమవతి మత్తు ఇచ్చి
గొట్టంతో మాత్రను గేటు దాటించి వదిలింది.
పంది లేచి, తూలి,
నడుముకు కట్టిన పట్టీని గోడకేసి రుద్దుకుంది.

సాయంత్రం తెర మీద
నారుమడి.
ఇంకో మాట దొరకలేదు నాకు.
మొలగొలుకుల మడికి నీళ్లు పెట్టినప్పుడు
నారు ఎట్లా ఊగుతుందో అట్లా,
వెంట్రుక కన్నా సన్నటి మొలకలు, లక్షలు,
గాలి లేని చోట ఊగుతున్నాయి.

నాంచారమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.
నలభై ఏళ్లుగా పేగులు కడిగిన చేతులు ఆమెవి,
పుల్లతో తిరగేసి, ఉప్పూ పసుపూ రుద్ది, మూర వేసి కొలిచిన చేతులు.
పెద్దదానికి నలభై మూరలుంటాది అంది.
పుస్తకం కూడా ఇంచుమించు అంతే అంటుంది.
"కడిగేటప్పుడు తెల్లంగా గుడ్డపేలిక మాదిరుంటాదబ్బయా,
బతికున్నప్పుడు ఇట్లా పైరు మాదిరుంటాదని నాకేం తెలుసు."
ఒక ఏలికపాము తెర మీదుగా పోయింది.
దానికి మాత్రం ఆశ్చర్యపోలేదు.

తర్వాత అడిగింది:
"దీన్ని మనుషులు గూడా మింగుతారా?"
మింగుతారన్నాను. మనుషుల కోసమే ఇదంతా అన్నాను.
పంది పేగూ మన పేగూ దగ్గరి చుట్టాలన్నాను.
ఆమె తెర మీంచి కళ్లు తీయలేదు.

వాళ్లాయన సుంకన్నకు రక్తం పోయేది.
నెల్లూరు ఆస్పత్రిలో పైనుంచి ఒక గొట్టం వేశారు, బాగుందన్నారు.
కిందనుంచి ఒక గొట్టం వేశారు, బాగుందన్నారు.
"నడిమధ్యన ఏముండాదో కనపడదమ్మా అన్నారు.
నడిమధ్యన అంత దూరం ఉంటాదా సార్ అని అడిగినా.
నాకు తెలీదా? తెలిసే అడిగినా."

రేకులు అదిరేట్టు ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగకుండా పోయింది.
మూడో నంబరు నిద్రపోతోంది,
లోపల దీపం పెట్టుకుని.

నాలుగోనాడు మాత్ర దొరికింది.
పెంటను జల్లెడ పట్టింది నేను కాదు, ఆమె.
కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి
కుదువ విడిపించిన ముక్కుపుడకలా నా చేతిలో పెట్టింది.

పనికిరాని ఫోటోలు చెరిపేయమన్నారు.
మొదటి రోజువన్నీ చెరిపేశాను, ఒక్కటి తప్ప.
బెల్లంలో దాగకముందే కన్ను తెరిచిన మాత్ర
అన్నిటికన్నా ముందు చూసింది ఆమె అరచేతిని.
పగుళ్లు, ఒక పాత కత్తిగాటు,
పగుళ్లలోంచి దారి వెతుక్కునే గీతలు.

వాళ్లమ్మమ్మ కావలి సంతలో చేతులు చూసి ఎరుక చెప్పేదంట.
ఊరందరి చేతులూ చూసిన ఆ ఇంట్లో
తన చెయ్యి ఎవరూ చూడలేదంట.

తెర మీద పెద్దది చేసి చూపించాను.
చాలాసేపు చూసింది.
"బెల్లం అంటుకోనుండాదే" అంది,
చెయ్యి చీరకు తుడుచుకుంటూ.