గుండె మినహా

వీగోలో వాన పట్టుకుంటే వారం విడవదు.
నా బీమా ఆఫీసు గుమ్మంలో గొడుగులు దులుపుకుని
వాళ్లిద్దరూ వచ్చారు, ఇది నాలుగోసారి.

అమారోకి డెబ్బై ఒకటి. నలభై ఏళ్లు చేపల పడవల మీద.
నెలిదాకి అరవై ఏడు. మాంటెవిడియోలో దర్జీ.
పెళ్లయి అయిదు వారాలు.
ఆమె పాస్‌పోర్టులో ముద్ర పడ్డ తొంభై రోజుల్లో
అరవై రెండు ఖర్చైపోయాయి.

భర్త దగ్గర ఉండిపోవాలంటే ఆమెకి బీమా కావాలి.
ఏది పడితే అది పనికిరాదు.
డాక్టరు దగ్గరికెళ్లిన ప్రతిసారీ
జేబులోంచి ఒక్క సెంటు కూడా కదలకూడదు.
ఏడాది డబ్బు ముందే కట్టేయాలి.
నిరీక్షణ కాలం అనే మాట ఎక్కడా ఉండకూడదు.

ఆ మాటకి నెలిదా నవ్వింది.
"ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఈయన ఓడ మా రేవులో ఆగింది,
మూడు రాత్రులు.
తర్వాత ఇద్దరికీ వేరే పెళ్లిళ్లు, వేరే చావులు.
అదెక్కడ రాస్తారు?"
అలాంటి గడి నా ఫారంలో లేదు.

ప్రశ్నల దగ్గరికి వచ్చాం.
పొగ తాగుతారా? లేదు.
షుగరుందా? కాఫీలో, రెండు చెంచాలు.
గత అయిదేళ్లలో ఆపరేషన్ ఏదైనా?

అమారో దగ్గాడు.
బల్ల కింద అతని బూటు ఆమె బూటుని తట్టడం
నేను చూడలేదనే అనుకోండి.
నిజం చెప్పొద్దూ, నేనూ పెన్ను ఎత్తి పట్టుకుని
కిటికీ వైపు తిరిగాను.
ఎదుటి మందుల షాపు మీద ఆకుపచ్చ శిలువ
ఆరుతోంది, వెలుగుతోంది.
ఆ రెండు క్షణాలూ ఆమెకి వదిలిపెట్టాను.

ఆమె తీసుకోలేదు.
మఫ్లరు విప్పి, పై బొత్తాలు రెండు తీసి,
రొమ్ము మధ్య నిలువునా దిగిన గీత చూపించింది.
"కుట్టు వంకర పోయింది చూడండి.
నేనైతే విప్పి మళ్లీ వేసేదాన్ని."

మొదటి కంపెనీ: వయసు ఎక్కువ.
రెండోది: గుండె.
"పోనీ డబ్బు కట్టి ప్రభుత్వ పథకంలో చేరితే?" అన్నాడు అమారో.
చేరొచ్చు, ఇక్కడ ఏడాది కాపురం ఉన్నాక.
ఏడాది ఉండనివ్వాలంటే?
బీమా చూపించాలి.
పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు,
పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.
వీళ్లకి పెళ్లి ఎలాగూ అయిపోయింది.

పదకొండున్నరకి మూడో కంపెనీ జవాబు
ప్రింటరులోంచి వెచ్చగా ఊడిపడింది.
సరేనన్నారు.
కళ్లు, కీళ్లు, మూత్రపిండాలు, చెవిలో హోరు,
ఇంకా పేరు పెట్టని జబ్బులు కూడా వాళ్లవే.
అడుగున చీమల బారులాంటి ఒక్క వరుస:
గుండె మినహా.

ఈ వరుసని ఏ గొంతుతో చదవాలో
నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు.
నాకు దీని మీద వచ్చే కమిషను పద్నాలుగు యూరోలు.
"కౌంటరు మీది మనిషి ఇంతదాకా చదివితే వెనక్కి కొడతాడు,"
అన్నాను.
"భోజనం వేళ దగ్గరపడితే చదవడు.
రేపు ఒంటిగంటన్నరకి మీ పేరు రాయించాను."

అమారో కళ్లద్దాలు తుడుచుకుని
కాగితమంతా వేలితో తడిమాడు,
వలలో చిరుగు వెతికే మనిషిలా.
ఆ వరుస మీద వేలు ఆగింది.
ఏదో అంటాడనుకున్నాను, అనకపోతే బాగుండునని కూడా.

"పళ్లకి వస్తుందా ఇందులో?"
"పీకడం వరకే."
"చాలు."

డబ్బు బల్ల మీద లెక్కపెట్టారు,
రెండు పర్సుల్లోంచి, ఆమెది కొంచెం ఎక్కువ.
వెళ్తూ వెళ్తూ ఒక గొడుగు మర్చిపోయారు.

పిలుద్దామని తలుపు దాకా వెళ్లాను.
వీధి మలుపులో ఉన్నారు అప్పటికే.
మిగిలిన ఒక్క గొడుగునీ ఆయన
ఆమె చేతిలోని కాగితాల కవరు మీద వంచి పట్టాడు.
ఇద్దరూ తడుస్తున్నారు.