మర్నాటి ఎసరు

పండగ నిన్ననే అయిపోయింది.
ఇవాళ్టికి మిగిలింది టర్కీ అస్థిపంజరం,
అర సీసా క్రాన్‌బెర్రీ పచ్చడి,
ఆర్విల్ భోజనం మధ్యలో లేచిపోయిన కుర్చీ.

కుర్చీని ఇంకా బల్ల కిందకి తొయ్యలేదు.
తోస్తే, వాడు వెళ్ళిపోయాడని ఒప్పుకున్నట్టే కదా.

నాన్న పడవ అమ్మేశానని చెప్పాను, అంతే.
బంగాళాదుంపల గిన్నె చేతులు మారుతుండగా చెప్పాను.
అలాంటి మాటకి వేరే వేళ ఏముంటుందిలే అనుకున్నా.
ఉంటుందిట.

ముప్పై ఒక్కేళ్ళు స్కూలు బస్సు తోలాను.
వెనక అద్దంలో ఎన్ని తగువులు చూసి
చూపుతోనే ఆపలేదు!
ఎదురుగా కూర్చున్న తమ్ముణ్ణి ఆపడమే చేతకాలేదు.

పెద్ద గిన్నె పొయ్యి మీదికెత్తాను.
రొమ్ము గూడు, వెన్ను, మెడ,
కీలుకి కీలు విరిచి వేశాను.
ఆ చప్పుడుకి పిల్లి సోఫా కింద దూరింది.
మునిగేదాకా నీళ్ళు.
ఉల్లిపాయ తొక్కతోనే.
"తొక్క రంగిస్తుంది, పారెయ్యకు" అనేది అమ్మ.
దేనికైనా కారణం చెప్పేది మా అమ్మ,
తన ఏడుపుకి తప్ప.

వడిలిన సెలెరీ కాడలు, ముదురు క్యారెట్లు,
పదో పన్నెండో మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు.
ఉప్పు ఇప్పుడే వద్దు.
నీళ్ళు ఇగిరాక గానీ తెలీదు
ఎంత ఎక్కువైందో.

మొదట తెట్టు తేలింది,
రోడ్డు పక్క పాత మంచు రంగులో.
గరిటెతో తీసి సింకులో కొట్టాను,
తీసినకొద్దీ వచ్చింది.
అరగంటకి దానికే విసుగు పుట్టింది.

ఇక సన్న సెగ.
కుతకుత కూడా కాదు,
పక్కగదిలో ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు
ఒక బుడగ,
చాలాసేపటికి ఇంకొకటి.
సరస్సు మీంచి వచ్చే గాలి డులూత్ కొండనంతా ఊడుస్తోంది.
నా కిటికీలకి మాత్రం చెమట పట్టింది.

వడకడుతుంటే
జల్లెడలో పడింది ఆ చీలిక ఎముక.
చెరో కొమ్మా పట్టుకుని లాగేవాళ్ళం, వాడూ నేనూ.
పెద్ద ముక్క ఎవరికొస్తే వాళ్ళ కోరిక తీరుతుందని.
ఎప్పుడూ వాడికే వచ్చేది, దొంగ పట్టు పట్టేవాడు.
నా ఎనిమిదో ఏట, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు,
వేలు జారిందని నాకు వదిలేశాడు.
నిన్న ఎవరికీ గుర్తే రాలేదు.
ఇప్పుడు లాగి చూశాను, ఒక్కదాన్నే, రెండు చేతులతో.
నాలుగ్గంటలు ఉడికిన ఎముక
విరగలేదు. వంగింది.

నాలుగున్నరకే చీకటి.
మంచు తోసే బండి వస్తున్న రొద, రోడ్డుని గీరుకుంటూ.
ఈ వీధి ఆర్విల్‌ది, పద్దెనిమిదేళ్ళుగా.
వచ్చినప్పుడల్లా నా వాకిలికి అడ్డంగా
మోకాలెత్తు మంచుగట్టు పోసి పోతాడు.
"రూలు అందరికీ ఒకటేనే లెంపీ" అంటాడు,
పార పట్టుకుని నేను తిడుతుంటే.

కిటికీ చెమటలో నారింజ వెలుగు తిరిగింది.
గీరుడు ఆగింది.
సరిగ్గా నా వాకిలి వెడల్పంత నిశ్శబ్దం.
మళ్ళీ గీరుడు.

చొక్కా చేత్తో అద్దం తుడిచి చూశాను.
గట్టు లేదు.

నల్లటి అడవి బియ్యం వేశాను,
పీచులుగా తీసిన మాంసం వేశాను, ఉప్పు వేశాను.
రుచి చూస్తే నాలిక కాలింది.
బాగుందో లేదో ఇప్పటికీ తెలీదు.

నాన్న ఫ్లాస్కు, మూత సొట్టది,
దాన్నిండా పోసి బూట్లు తొడుక్కున్నాను.
అవతలి వరస తోసుకుంటూ తిరిగి రావాలి వాడు,
నలభై నిమిషాల్లో, గంటలో.

ఇన్నేళ్ళూ నా బస్సు కోసం పిల్లలు నిలబడ్డట్టే
రోడ్డు వారన నిలబడ్డాను,
టోపీ చెవుల మీదికి లాక్కుని,
ఫ్లాస్కు కోటు లోపల పెట్టుకుని.
పక్కటెముకలకి వెచ్చగా తగులుతోంది.

దూరంగా మలుపులో నారింజ దీపం.
వాడిదో, ఇంకెవరిదో.